కారణాంకాల వర్క్‌బుక్: కొనొచ్చు గానీ, కీ దిద్దుకోవాలి

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పుస్తకాల షాపుల్లో కారణాంక విభజన (బీజగణిత సమాసాన్ని బ్రాకెట్ల లబ్ధంగా విడదీయడం), త్రిభుజ అసమానతలు కలిపి వేసిన స్పైరల్ బైండింగ్ వర్క్‌బుక్ ఒకటి దొరుకుతోంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల గుంటలకు పనికొస్తుంది. పొత్తు లేని ఈ రెండు పాఠాలకూ ఒకే పుస్తకం ఏమిటనిపిస్తుంది. ఆ సంగతి చివరి అభ్యాసం దాకా వెళ్తేగానీ తెలీదు.

మొదటి భాగంలో ఉమ్మడి కారణాంకం, సర్వసమీకరణాలు మామూలుగానే ఉన్నాయి. మధ్యపదం విడదీసే చోట మాత్రం వర్గపదం గుణకం 1గా ఉన్న లెక్కలు మరీ ఎక్కువయ్యాయి. అలాంటివాటికి పిల్లలు రెండు అంకెలు ఊహించి నేరుగా బ్రాకెట్లు రాసేస్తారు. గుణకం 6 అయ్యేసరికి చెయ్యి ఆగిపోతుంది.

అందుకే 6ఎక్స్² − 7ఎక్స్ − 20 లెక్కకు పేజీ మొత్తం ఇవ్వడం మంచి పని. 6ని −20తో గుణిస్తే −120. లబ్ధం −120, మొత్తం −7 అయ్యే జంట −15, 8. −15ఎక్స్ ముందు రాస్తే 3ఎక్స్(2ఎక్స్ − 5) + 4(2ఎక్స్ − 5) అని సాఫీగా వచ్చేస్తుంది. 8ఎక్స్ ముందు రాస్తే 2ఎక్స్(3ఎక్స్ + 4) − 5(3ఎక్స్ + 4). తప్పు జరిగేది ఇక్కడే: −15ఎక్స్ − 20 నుంచి −5 బయటికి తీసి, లోపల 3ఎక్స్ − 4 అని రాస్తారు. పుస్తకం రెండు పద్ధతులనూ పక్కపక్కనే చూపించింది. సరిచూసుకోవడం మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఎక్స్ = 1 పెడితే లెక్క −21, (3ఎక్స్ + 4)(2ఎక్స్ − 5) కూడా 7 × −3 = −21. ఒక విలువతో తప్పు బయటపడకపోవచ్చు, 2 కూడా పెట్టి చూడటం నయం.

త్రిభుజాల భాగం చీపురుపుల్లలతో మొదలవుతుంది. 4, 5, 10 సెంటీమీటర్ల ముక్కలు ఎంత వంచినా కొసలు కలవవు. బాగుంది. తర్వాత బిట్: రెండు భుజాలు 7, 12 అయితే మూడో భుజానికి ఎన్ని పూర్ణాంక విలువలు? కీలో 15 అని ఉంది. సరైనది 13, అంటే 6 నుంచి 18 దాకా. 5, 19 కూడా లెక్కేశారు. ఆ రెండింటికీ మూడు పుల్లలూ ఒకే గీత మీద పడతాయి, త్రిభుజం ఏర్పడదు. ‘కన్నా ఎక్కువ’ అన్నచోట ‘సమానం’ చొరబడితే పరీక్షలో మార్కు పోయేది ఇలాంటి బిట్‌కే.

ఇక చివరి అభ్యాసం. ఏ, బీ, సీ త్రిభుజ భుజాలైతే ఏ² + బీ² − సీ² + 2ఏబీ ధనమా, రుణమా? (ఏ + బీ)² − సీ² అని గుర్తిస్తే (ఏ + బీ + సీ)(ఏ + బీ − సీ). రెండు భుజాల మొత్తం మూడోదానికన్నా ఎక్కువ కనుక రెండు బ్రాకెట్లూ ధనమే. ఆపైన 4ఏ²బీ² − (ఏ² + బీ² − సీ²)² ఇచ్చారు. వర్గాల భేదం రెండు దశల్లో వాడితే నాలుగు బ్రాకెట్లు వస్తాయి. 3, 4, 5 వేసి చూస్తే 576, అంటే ఆ త్రిభుజ వైశాల్యం 6కి వర్గమైన 36కు సరిగ్గా 16 రెట్లు. మూడు భుజాల నుంచే వైశాల్యం కట్టే హెరాన్ సూత్రం మూలం ఇదే. పుస్తకం ఆ మాట చెప్పకుండా వదిలేసింది, మాస్టార్లు చెప్పాలి. పుస్తకం కొనడానికి ఈ ఒక్క అభ్యాసం చాలు.

కాగితం పలచన, పెన్ను రాస్తే వెనక్కి దిగుతుంది. పెన్సిల్ వాడించండి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వైపు పాత ముద్రణ ఇంకా అమ్ముతున్నారు, అందులో చివరి అభ్యాసం లేదు. వెనక పేజీలు తిప్పి చూసి తీసుకోండి.