రాజీనామా చేసి హైదరాబాదుకా, తిరుపతిలోనే ఉంటూ వేదిక మీదికా?

నెలజీతం వదిలి స్టాండప్ కామెడీకి వెళ్లాలనుకునే తిరుపతి కుర్రవాళ్లకు రెండు దారులున్నాయి. మొదటిది హైదరాబాదు చేరడం. అక్కడి ఓపెన్ మైక్‌లలో, అంటే కొత్తవాళ్లూ పేరిచ్చి వేదికెక్కే కార్యక్రమాల్లో, దొరికేది కొద్ది నిమిషాలే, సాధారణంగా డబ్బు రాదు. కానీ నిన్న పేలని జోకును రేపు మార్చి చెప్పి చూడవచ్చు. ఈ కళ పదునెక్కేది అలాగే! అద్దె మాత్రం ఆగదు.

రెండోది ఉద్యోగంలో ఉంటూ సెలవుల్లో ప్రయత్నించడం. చెన్నై దాదాపు 135 కిలోమీటర్లే అయినా అక్కడి వేదికలపై తమిళం, ఇంగ్లీషుదే జోరు. బెంగళూరు సుమారు 250, రాత్రి బస్సుంది. సాధన నెమ్మదిస్తుంది, నిజమే. అయితే అలిపిరి మెట్లు, లడ్డూ క్యూ, దర్శనం పేరుతో ఇంట్లో దిగే చుట్టాలు... ఇంత ముడిసరుకు ఇంకెక్కడ దొరుకుతుంది? అరగంట సొంత హాస్యం నిలబడేదాకా నా ఓటు దీనికే, ఇంట్లో అప్పులుంటే మరీనూ.