మొండి బాకీల పద్దుకి టాలీ ప్రైమ్: వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్టుకి ఎంతవరకు పనికొస్తుంది?

విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, గుంటూరు పట్నం బజారులోనైనా అరువు ఇవ్వకుండా హోల్‌సేల్ నడవదు. ఇచ్చినదాంట్లో కొంత ఎప్పటికీ రాదు. ఆ రాని బాకీని కొట్టేయడం, కొట్టేశాక వస్తే జమ వేసుకోవడం: ఈ రెండు పనులకే పరిమితమైన టాలీ ప్రైమ్ (పద్దులు రాసే సాఫ్ట్‌వేర్) రివ్యూ ఇది.

టాలీలో గట్టి భాగం ఔట్‌స్టాండింగ్ రిపోర్టు, అంటే రావాల్సిన బాకీల జాబితా. పార్టీ (అరువు కొన్నవాడి) లెడ్జర్‌లో, అంటే అతని ఖాతాలో, బిల్లువారీ బ్యాలెన్స్ ఆన్ చేసి, గడువు రోజులు వేసి ఉంచితే ఏ బిల్లు ఎన్నాళ్లుగా నిలిచిందో వయసువారీగా చూపిస్తుంది. 60 రోజుల గడువిచ్చే బట్టల కొట్టయితే బిల్లు తేదీ నుంచి కాక గడువు తేదీ నుంచి లెక్క పెట్టించాలి. లేకపోతే సక్రమంగా కట్టే పార్టీలు కూడా ఎగవేతదారుల్లా కనిపిస్తారు.

కొట్టివేతకి ఎఫ్7 మీట నొక్కి జర్నల్ (నగదు కదలని సర్దుబాటు ఎంట్రీ) వేయాలి. పరోక్ష ఖర్చుల కింద తెరిచిన 'రాని బాకీలు' లెడ్జర్‌కి డెబిట్, పార్టీకి క్రెడిట్. అప్పుడు వచ్చే తెరలో 'ఎగెనెస్ట్ రెఫ్' ఎంచుకుని పాత బిల్లు నంబరే పట్టుకోవాలి. గుమస్తా తొందరలో ఏ బిల్లుకీ ముడిపెట్టని 'ఆన్ అకౌంట్' కొట్టాడా, లెడ్జర్ సున్నా అవుతుంది కానీ బిల్లు మాత్రం జాబితాలో అలాగే కూర్చుంటుంది. టాలీ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

జీఎస్‌టీ దగ్గర ఇంకో గొయ్యి. లక్ష రూపాయల గుడ్డ, 5 శాతం పన్నుతో 1,05,000 బిల్లు రాలేదనుకుందాం. కొందరు క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వేసి 5,000 పన్ను తగ్గించుకుంటారు. అది చెల్లదు. సరుకు తిరిగొస్తేనో, లోపం ఉంటేనో, ఎక్కువ ధర వేసుంటేనో క్రెడిట్ నోట్. డబ్బు రాకపోవడం అందులో లేదు. టాలీ మాత్రం నోటు వేస్తుంటే ఆపదు. 1,05,000 మొత్తం జర్నల్‌లోనే కొట్టేసి, ఆ 5,000 వేరే లెడ్జర్‌కి డెబిట్ చేయడం మేలు. అది అమ్మకాల్లో ఎన్నడూ ఆదాయంగా చూపింది కాదు కాబట్టి ఆదాయపు పన్నులో దాని సంగతి ఆడిటర్ విడిగా చూస్తారు.

ప్రొవిజన్ (రాకపోవచ్చనుకున్న బాకీకి ముందే పద్దులో పక్కన పెట్టే మొత్తం) విషయంలో టాలీ నిరాశపరుస్తుంది. వయసుని బట్టి శాతం వేసి తనంతట తాను లెక్క కట్టదు. రిపోర్టుని ఎక్సెల్‌లోకి దించుకోవాల్సిందే. ఉదాహరణకి 90 రోజుల లోపు 12 లక్షల మీద 1 శాతం, 180 లోపు 4 లక్షల మీద 5, ఏడాది లోపు 1,60,000 మీద 20, ఆపై 80,000 మీద 50 శాతం అనుకుంటే మొత్తం 1,04,000. నిరుటి ప్రొవిజన్ 70,000 ఉంటే ఈ ఏడు ఎంట్రీ 34,000 మాత్రమే. పాత నిల్వ చూడకుండా మళ్లీ 1,04,000 వేసి లాభాన్ని అనవసరంగా తగ్గించిన పద్దులు కోకొల్లలు. పైగా మామూలు వ్యాపారికి ప్రొవిజన్ మీద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, పద్దులో నిజంగా కొట్టేసిన బాకీకే వస్తుంది. 1989 ఏప్రిల్ నుంచి, బాకీ మొండిదైందని రుజువు చేయక్కర్లేదు, కొట్టేస్తే చాలు; 2010లో సుప్రీంకోర్టు టీఆర్‌ఎఫ్ అనే కంపెనీ కేసులో ఇదే తేల్చింది.

కొట్టేసిన పార్టీ రెండేళ్లకొచ్చి 40,000 కట్టాడు. నేరుగా అతని లెడ్జర్‌కి రిసీట్ వేస్తే అడ్వాన్సులా, మనమే బాకీ ఉన్నట్టు నిలుస్తుంది. ముందు జర్నల్: పార్టీకి డెబిట్, పరోక్ష ఆదాయాల కింద 'వసూలైన రాని బాకీలు'కి క్రెడిట్, 'న్యూ రెఫ్'లో పాత బిల్లు నంబరుకే చివర ఒక ఆర్ తగిలించి. తర్వాత ఎఫ్6 రిసీట్ ఆ రెఫరెన్సుకే. రెండు ఎంట్రీల శ్రమే కానీ, మళ్లీ అరువు అడిగిన రోజున అతని చరిత్ర ఒక్క లెడ్జర్‌లో దొరుకుతుంది. అప్పట్లో మినహాయింపు పొందిన మేరకు ఈ వసూలు ఈ ఏటి ఆదాయం. జీఎస్‌టీ మాత్రం మళ్లీ కట్టనక్కర్లేదు, అమ్మినప్పుడే కట్టేశారు.