పరిశోధన పేపర్‌లో బొమ్మలకు ఏది మేలు: పవర్‌పాయింటా, బయోరెండరా, ఇంక్‌స్కేపా?

వేరుశనగ పూసేది నేల పైన, కాసేది నేల లోపల. మధ్యలో ఊడ, అంటే పువ్వు నుంచి వచ్చే కాడ, నేలలోకి దిగుతుంది. ఈ ఒక్క సంగతిని బొమ్మలో చూపడానికి నేను మూడు సాఫ్ట్‌వేర్లు మార్చాను. ఇప్పుడు అనంతపురంలో మా ల్యాబ్‌కు కొత్తగా చేరిన స్కాలర్లు "అన్నా, బొమ్మలు ఎందులో గీయాలి?" అని అడుగుతుంటే నా పాట్లే గుర్తొస్తాయి.

పవర్‌పాయింట్ అందరి దగ్గరా ఉంటుంది, డబ్బాలూ బాణాలూ పెట్టడం అందరికీ వచ్చు. ప్రయోగం ఎలా చేశామో చూపే ఫ్లోచార్ట్‌కు అది చాలు, నామోషీ ఏమీ లేదు. నా మొదటి పేపర్ బొమ్మలూ అందులో గీసినవే. మసకగా ఉన్నాయని జర్నల్ వాళ్లు తిప్పి పంపారు. తప్పు నాదే. స్లైడ్‌ను ఉన్నదున్నట్టు ఫోటోగా సేవ్ చేశాను. విండోస్‌లో అలా చేస్తే మామూలుగా అంగుళానికి 96 చుక్కలే వస్తాయి. జర్నళ్లేమో ఫోటోకు 300, గీతల బొమ్మకు 600 నుంచి 1200 దాకా అడుగుతాయి. స్లైడ్ వెడల్పును ముందే ఒక కాలమ్‌కు సరిపడా, అంటే దాదాపు 90 మిల్లీమీటర్లకు మార్చుకుని, గీసింది పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఆ టెన్షన్ తప్పేది.

జీవశాస్త్రం బొమ్మలు రెడీమేడ్‌గా దొరికే బయోరెండర్ తెరవగానే ఆశ పుడుతుంది. కణం, ఎలుక, సిరంజి, ఏది కావాలంటే అది లాగి పెట్టుకోవడమే, సాయంత్రానికి బొమ్మ తయారు. అయితే ఉచిత ఖాతాలో గీసింది చదువు చెప్పుకోవడానికే పనికొస్తుంది. జర్నల్‌లో వేయాలంటే డబ్బు కట్టి పబ్లికేషన్ లైసెన్స్ తీసుకోవాలి. ప్రాజెక్టు ఉన్న ల్యాబ్‌కు అదొక ఖర్చు కాదు. ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందా అని ఫోన్ చూసుకునేవాడికి మాత్రం ఖర్చే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. అందులో ఎక్కువ సరుకు వైద్యం, కణజీవశాస్త్రం వాళ్లది. కర్నూలు మెడికల్ కాలేజీలో డెంగీ మీద పని చేసేవాళ్లకు బాగా కలిసొస్తుంది. నాకు కావాల్సిందేమో తిక్కా ఆకుమచ్చ తెగులు పడిన వేరుశనగ ఆకు. కడప నుంచి వచ్చిన ఒకమ్మాయికి కావాల్సింది ఎర్రచందనం కాయ, బిళ్లలా గుండ్రంగా, చుట్టూ రెక్క, మధ్యలో గింజ. ఇద్దరమూ వెతికాం, దొరకలేదు.

మన పంట, మన అడవి బొమ్మ మనమే గీసుకోవాలని తేలాక ఇంక్‌స్కేప్ నేర్చుకోక తప్పలేదు. 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. నెట్ లేకపోయినా పని చేస్తుంది, నా పాత ల్యాప్‌టాప్ కూడా మోసింది. మొదటి వారం మాత్రం విసుగే. పెన్ టూల్‌తో వంపు తిప్పబోతే గీత ఇంకెటో పోతుంది. నేను చేసిన పని చెబుతాను. మొక్కను వేళ్లతో సహా పీకి, కడిగి, తెల్లకాగితం మీద పరిచి ఫోటో తీశాను. దాన్ని అడుగు లేయర్‌లో పెట్టి, పైన ఆకు, ఊడ, కాయ ఒక్కోటి ఒక్కో లేయర్‌లో గీశాను. మొదటి బొమ్మకు మూడు రోజులు పట్టింది. తర్వాతి పేపర్‌లో అదే ఆకు మీద మచ్చలు పెట్టడానికి అరగంట. ఎవరితోనైనా ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే అది కుదించేస్తుంది.

మైక్రోస్కోప్ ఫోటోలకు ఇవేవీ వద్దు, ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. స్కేల్ బార్, అంటే కొలత చూపే గీత, అక్కడే వేయొచ్చు. వెలుతురు పెంచితే ఫోటో మొత్తానికీ పెంచాలి, మీకు నచ్చిన మూలకు మాత్రమే పెంచితే అది మోసం కిందికి వస్తుంది.

గీయడానికి తీరిక లేకపోతే సర్వియర్ మెడికల్ ఆర్ట్‌లో బొమ్మలు తీసుకోవచ్చు, వాళ్ల పేరు చెబితే చాలు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల బయోఆర్ట్‌లో ఎక్కువ భాగానికి హక్కుల పేచీ లేదు. ఫైలోపిక్‌లో జీవుల నీడబొమ్మలు ఉంటాయి, లైసెన్స్ మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. లైసెన్స్‌లో ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదని, ఎన్‌డీ అంటే మార్చకూడదని అర్థం. చాలా జర్నళ్లు వ్యాపారమే కాబట్టి ఎన్‌సీ బొమ్మల జోలికి నేను పోను. "గూగుల్‌లో దొరికింది" అన్నది అనుమతి కాదు. ఏఐతో గీయిద్దామనుకునేవాళ్లు 2024 ఫిబ్రవరిలో ఒక జర్నల్‌లో వచ్చిన ఎలుక బొమ్మ కథ చదవండి. అవయవాలు తప్పు, పేర్లు అర్థం లేని అక్షరాలు. కొద్ది రోజుల్లోనే పేపర్ వెనక్కి తీసుకున్నారు.

ఇక మ్యాపులు. నమూనాలు ఎక్కడ సేకరించామో చూపడానికి గూగుల్ మ్యాప్ స్క్రీన్‌షాట్ కన్నా మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ వెయ్యి రెట్లు మేలు, అదీ ఉచితమే. జిల్లా హద్దుల ఫైలు ఏ సంవత్సరానిదో మాత్రం చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నేను దించుకున్న పాత ఫైల్లో కదిరి ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంది, పేపర్‌లోనేమో శ్రీ సత్యసాయి జిల్లా అని రాశాను. పంపే ముందు రోజు రాత్రి గైడ్ సార్ ఫోన్ చేసి, "ఏమప్పా, కదిరిని యాడ పెట్టినావు?" అన్నారు.