ఫిక్సీతో రెండున్నరేళ్లు: నా గొడవంతా ఒక్క లాక్ రింగుతోనే

రెండున్నరేళ్లుగా విశాఖ వీధుల్లో తొక్కుతున్న నా ఫిక్స్‌డ్ గేర్ సైకిలు ఫ్రేము గురించీ రంగు గురించీ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉండే ఈ రకాన్నే ఫిక్సీ అంటారు. నా కక్షంతా అరచేతిలో ఇమిడిపోయే ఒక ఇనుప రింగు మీదే, అంటే వెనక పళ్లచక్రం ఊడకుండా పట్టి ఉంచే లాక్ రింగు మీదే.

కట్టించిన కొత్తలో, బ్రేకు ముట్టకుండా కాళ్లతోనే వేగాన్ని అదుపు చేయవచ్చని కనిపించిన వారందరికీ చెప్పేవాణ్ని. ఖర్చు కలిసొస్తుందని పాత ఫ్రీవీల్ హబ్బుకే (తొక్కకపోయినా తిరిగే మామూలు సైకిలు చక్రం మధ్య భాగానికే) పళ్లచక్రం బిగించి, అది ఊడకుండా పెడళ్ల ఇరుసుకు వాడే రింగును దాని మీద వేయించాను. మర కొలత ఒకటే కావడంతో ఇట్టే ఎక్కింది. "ఇంక కదలదు బాబూ" అంటూ మెకానిక్ గారు స్పానరు మీద తన బరువంతా మోపి బిగించారు, నేనూ నమ్మాను.

మూడో నెలలో ఒక సాయంత్రం సిరిపురం నుంచి పాండురంగాపురం వాలు దిగుతుండగా ముందున్న ఆటో ఉన్నపళంగా ఆగింది. కాళ్లు బిగపట్టాను. టక్కుమని చప్పుడై పెడళ్లు అర చుట్టు వెనక్కి వచ్చేశాయి. వెనక చక్రం మాత్రం తన దారిన తాను తిరుగుతూనే ఉంది. అందం చెడుతుందని తీసేద్దామనుకుని, మా ఆవిడ పోరు పడలేక ఉంచిన ముందు బ్రేకే ఆ రోజు నన్ను ఆపింది. పక్కకు తీసి చూస్తే రింగు రెండు వేళ్లకే ఊడివచ్చింది, హబ్బు మరలు తెగి సన్నని అల్యూమినియం పోగులుగా గ్రీజులో మెరుస్తున్నాయి. ముందుకు తొక్కితే బిగిసే పళ్లచక్రం వెనక్కి నొక్కితే విప్పుకుంటుంది, రింగుదీ అదే వైపు మర కనుక రెండూ కలిసే వదులయ్యాయి.

ఫిక్సీల కోసమే చేసే అసలు ట్రాక్ హబ్బులో రింగుకు ఎడమ మర (ఎడమవైపు తిప్పితే బిగిసేది) ఉంటుంది. పళ్లచక్రం వదులవబోతే రింగు మరింత బిగుసుకుని దాన్ని ఆపుతుంది. ఆ హబ్బు వేయించాక మళ్లీ వదులవలేదు. పనిలో పనిగా ముందు 48కి వెనక 16 పళ్ల గేరును 44కి 17 చేయించాను. పాత లెక్కలో పెడళ్ల ఒక్క చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరగడాన, ఎప్పుడూ ఎడమ కాలే ముందుంచి వెనక చక్రాన్ని ఆపి జారించే నా అలవాటుకు టైరు ఒకే చోట అరిగి దారాలు తేలింది. ఇప్పుడా అరుగుదల పదిహేడు చోట్లకు పంచబడుతోంది.

అయితే ఈ రింగునూ పూర్తిగా మెచ్చుకోలేను. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి అది హబ్బును పట్టేసి, మొన్న విప్పడానికి రాత్రంతా నూనెలో నానబెట్టవలసి వచ్చింది. పైగా ఎడమ మర సంగతి మరచి నేనే అరగంట సేపు ఇంకా బిగించాను.

మా ఇల్లు లాసన్స్ బే కాలనీ, ఆఫీసు సిరిపురం, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి కనుక నాకిది సరిపోయింది. మధురవాడ నుంచి ఎండాడ ఎత్తుపల్లాల మీదుగా రోజూ వచ్చే మా తమ్ముడు అడిగితే మాత్రం గేర్ల సైకిలే కొనుక్కోమన్నాను.