పంటికి క్యాప్: మెటలా, సిరామికా, జిర్కోనియానా? బెంగళూరు రేట్లలో ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా రోడ్డుకు రెండు పక్కలా డెంటల్ క్లినిక్‌లే. ఒకే దవడ పన్నుకు ఒకచోట 5,000 అంటారు, రెండు వీధులు దాటితే 18,000 అంటారు, పైగా ఇద్దరూ "మంచి క్యాపేనండీ" అనే చెప్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. వాళ్లు చెప్తున్నది రెండు వేరువేరు సరుకుల గురించి, అంతే.

ముందు రేట్లు చూద్దాం. ఇక్కడి మామూలు క్లినిక్‌లలో ఒక్క పన్నుకు సుమారుగా: పూర్తి మెటల్ క్యాప్ 2,000 నుంచి 4,000, లోపల మెటల్, పైన పింగాణీ ఉండే మెటల్ సిరామిక్ 4,000 నుంచి 8,000, పంటి రంగులో ఉండే, మెటల్ లేని గట్టి సిరామిక్ అయిన జిర్కోనియా 8,000 నుంచి 20,000, గాజులా వెలుతురు దాటే ఇంకో సిరామిక్ ఈ-మ్యాక్స్ 12,000 నుంచి 20,000. ఏరియాను బట్టి, డాక్టరును బట్టి అటూ ఇటూ అవుతాయి. ఇందులో రూట్ కెనాల్ ఖర్చు లేదు. పన్ను సగం విరిగిపోయి ఉంటే లోపల పోస్ట్ (చిన్న కడ్డీ) పెట్టి కట్టాలంటారు, దానికి వేరే బిల్లు. కాబట్టి ఫోన్‌లో "క్యాప్ ఎంతండీ" అని అడిగి పోల్చుకోవడం దండగ, "ఈ పన్ను పూర్తయ్యేసరికి మొత్తం ఎంతవుతుంది" అని ఎక్స్‌రే చూపించి అడగాలి.

నన్నడిగితే, వెనక చివర ఉండే దవడ పంటికి మెటల్ క్యాప్‌ను మించింది లేదు. ఈ మాట క్లినిక్‌లో ఎవరూ తమంతట తాము చెప్పరు, మీరే అడిగితే రిసెప్షన్ అమ్మాయి వింతగా చూస్తుంది. కానీ మెటల్ పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది కాబట్టి పన్నును తక్కువ అరగదీస్తే సరిపోతుంది, చెగోడీలు కొరికినా మటన్ ఎముక నమిలినా పగలదు. రంగొక్కటే దాని లోపం, అదీ ఆవలిస్తే తప్ప ఎవరికీ కనపడదు. ఒక్క జాగ్రత్త: ఇమిటేషన్ నగలు పెట్టుకుంటే దురద వచ్చే వాళ్లకు నికెల్ పడకపోవచ్చు. అలాంటివాళ్లు నికెల్ లేని కోబాల్ట్-క్రోమ్ కావాలని ముందే చెప్పాలి.

మెటల్ సిరామిక్ దశాబ్దాలుగా నడుస్తున్నదే, చెడ్డదేం కాదు. కాకపోతే మెటల్‌కూ పింగాణీకీ రెండింటికీ చోటు కావాలి కాబట్టి పన్నును ఎక్కువ అరగదీస్తారు, ఒకటిన్నర మిల్లీమీటర్ల పైనే. కొన్నేళ్లకు పైన పింగాణీ పెచ్చు ఊడొచ్చు. చిగురు వెనక్కి తగ్గితే అంచున నల్లటి గీత కనిపిస్తుంది, నవ్వితే ముందు పళ్లలో అదే కొట్టొచ్చినట్టు ఉంటుంది. బడ్జెట్ ఆరేడు వేలు దాటకూడదు, పన్ను పక్కనుంచి కొంచెం కనిపిస్తుంది అనుకునేవాళ్లకు ఇది సరే. ముందు పంటికి మాత్రం నేనైతే వద్దంటాను.

ఇప్పుడు అందరూ అమ్మేది జిర్కోనియా. గందరగోళం ఎక్కువున్నదీ ఇక్కడే, 8,000కీ 20,000కీ మధ్య తేడా ఏంటో ఎవరూ సరిగ్గా చెప్పరు. కొంత తేడా బ్రాండుది: క్యాప్‌ను చెక్కే జిర్కోనియా దిమ్మను బ్లాకు అంటారు, లావా, సెర్కాన్, కటానా లాంటి విదేశీ బ్లాకులకు ఒక రేటు, పేరు తెలియని బ్లాకుకు ఒక రేటు. కొంత క్యాప్ తయారుచేసే ల్యాబ్‌ది, కొంత డాక్టరు ఫీజు, కొంత ఆ క్లినిక్ ఉన్న బిల్డింగ్ అద్దె. వీటన్నిటికంటే ముందు అడగాల్సింది, క్యాప్ మొత్తం ఒకే జిర్కోనియా ముక్కతో చేస్తారా, లేక పైన పింగాణీ పూత వేస్తారా అని. ఒకే ముక్కది దవడ పళ్లకు మంచిది, పెచ్చులూడే భయం ఉండదు. పూత వేసింది ముందు పళ్లకు అందంగా ఉంటుంది కానీ ఆ పూతకు పగిలే గుణం ఉంది. ఇంకోటి, జిర్కోనియాలో చూడటానికి ఎంత సహజంగా, వెలుతురు దాటేలా ఉంటే బలం అంత తగ్గుతుంది. దవడకు వాడే గట్టి రకం బలం 1,000 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే యూనిట్) పైన ఉంటుంది, వెలుతురు దాటే రకానిది అందులో సగం కాస్త దాటుతుంది. అంటే ఖరీదైనదే గట్టిదని ఏమీ లేదు.

ఇక వారంటీ కార్డు. 5 ఏళ్లు, 10 ఏళ్లు, 15 ఏళ్లు, లైఫ్‌టైమ్ అని వరసగా చూపించి ఒక్కో మెట్టుకు మూడు నాలుగు వేలు పెంచుతారు. ఆ వారంటీ ఇచ్చేది సాధారణంగా ల్యాబ్. క్యాప్ పగిలితే ఇంకోటి చేసిస్తుంది. క్యాప్ కింద పన్ను పుచ్చితే, రూట్ కెనాల్ ఫెయిలైతే, చిగురు పాడైతే అది పనికిరాదు, మళ్లీ బిగించినందుకు డాక్టరు ఫీజు కూడా చాలాచోట్ల మనదే. ఒకే ముక్క జిర్కోనియా పగలడం అరుదు. క్యాప్ అంచు దగ్గర పాచి చేరి కింద పన్ను పుచ్చడం మాత్రం మామూలు. అంటే ఎక్కువగా జరిగేదానికి కాకుండా అరుదుగా జరిగేదానికి మనం డబ్బు కడుతున్నాం! ఆ నాలుగు వేలు మిగుల్చుకుని, అంచు శుభ్రంగా కూర్చునేలా ఓపిగ్గా చేసే డాక్టరుకు ఇవ్వడం నయం. కుదిరితే క్యాపులు, కట్టుడు పళ్లలోనే ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేసిన ప్రోస్థోడాంటిస్ట్‌ను చూడండి.

రూట్ కెనాల్ చేసిన పన్ను ఇంకా నొప్పిగా, అనుమానంగా ఉంటే ఖరీదైన జిర్కోనియాకు తొందరపడొద్దు, మళ్లీ లోపల తెరవాల్సి వస్తే దాన్ని కోయడం కష్టం, ఒక్కోసారి మొత్తం పోతుంది. అలాగని నెలల తరబడి వదిలేయకండి, క్యాప్ లేని దవడ పన్ను నిలువునా చీలితే పీకించుకోవడమే గతి.

ఈ-మ్యాక్స్ ముందు పళ్లకు. వెలుతురు దాన్లోంచి నిజం పంటిలాగే వెళ్తుంది, అందానికి దానిదే పైచేయి. బలం సుమారు 400 మెగాపాస్కల్స్, కాబట్టి రాత్రిళ్లు పళ్లు నూరేవాళ్లకు వెనక పళ్లలో వద్దు. రూట్ కెనాల్ తర్వాత పన్ను నల్లబడి ఉంటే ఆ నలుపు పైకి కనిపించొచ్చు, అప్పుడు లోపలి రంగును కప్పేసే జిర్కోనియానే మేలు. ఒక మాట, రూట్ కెనాల్ చేసిన ముందు పంటికి ప్రతిసారీ క్యాప్ అక్కర్లేదు, పన్ను చాలావరకు మిగిలి ఉంటే ఫిల్లింగ్‌తోనే సరిపెట్టొచ్చు. అడగండి.

ఎక్కడ చేయించుకోవాలి అన్నది ఇంకో లెక్క. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లం చాలామంది "ఊరెళ్లినప్పుడు చేయించుకుందాం, అక్కడ చవక" అనుకుంటాం. నిజమే, ఫీజు తక్కువే, పెద్ద ల్యాబ్‌ల నుంచి క్యాపులు కొరియర్‌లో అక్కడికీ వస్తాయి. కానీ కొలత తీసుకున్న వారానికి బిగించడానికి మళ్లీ వెళ్లాలి, తర్వాత కొరుకుతుంటే ఎత్తుగా తగిలితే ఇంకోసారి. బస్సు ఛార్జీలు, సెలవులు కలిపితే మిగిలేదేమీ ఉండదు. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలకైతే డెంటల్ కాలేజీ మంచి దారి: విక్టోరియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, వైట్‌ఫీల్డ్ వాళ్లకు వైదేహి ఉంది. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఖర్చు తక్కువ. తిరగడం మాత్రం ఎక్కువ, ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఆ ఓపిక కష్టం.

మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో యాక్సిడెంట్ అయితే తప్ప పళ్లకు డబ్బు రాదు. కంపెనీ పాలసీలో ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి) ఉంటే కొంత రావచ్చు, హెచ్‌ఆర్‌ను ముందే అడిగి పెట్టుకోండి, బిల్లులో పన్ను నంబరు, క్యాప్ రకం రాయించుకోండి.

క్యాప్ వచ్చిన రోజు, సిమెంట్ పెట్టకముందే అద్దం తీసుకుని కిటికీ దగ్గర పగటి వెలుతురులో రంగు చూసుకోండి. పళ్లు కలిపి కొరికి చూడండి, రవ్వంత ఎత్తుగా అనిపించినా చెప్పేయండి. డాక్టరు అరగదీస్తే ఆ చోటును మళ్లీ నున్నగా పాలిష్ చేయమని అడగండి, గరుకుగా వదిలేసిన జిర్కోనియా ఎదుటి పన్నును అరగదీస్తుంది. ఇవన్నీ సిమెంట్ పెట్టకముందే తేల్చుకోవాలి, గట్టి రెసిన్ సిమెంట్‌తో అంటించాక తీయాలంటే కోసి తీయాల్సిందే.