కొత్త టెర్మినల్‌లో కుర్చీలకు చేతులెక్కువ

మా జిల్లా ఎయిర్‌పోర్ట్‌కి కొత్త రూపు వచ్చి చాలాకాలమైంది. అద్దాల గోడ, ఎత్తయిన కప్పు, కలంకారీ బొమ్మలు, ఇవన్నీ ఫొటోల్లో అందరూ చూసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నాకు చెప్పాల్సింది కుర్చీల గురించి. మోకాలి ఆపరేషన్ అయిన అమ్మను చెకప్‌లకని హైదరాబాద్ తిప్పుతున్నాను. ఆ కుర్చీల మధ్య ఉన్న ఇనప చేతుల మీద నాకు పట్టిన కోపం ఇంకా దిగలేదు.

ఒకే ఇనప దూలానికి వరసగా బిగించిన కుర్చీలు, చిల్లుల స్టీలు రేకు, ప్రతి రెండు కుర్చీలకీ మధ్య ఒక చెయ్యి. ఈ దూలం పద్ధతి కొత్తదేం కాదు. 1962లో వాషింగ్టన్ డల్లెస్, షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టుల కోసం అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు తయారుచేసిన వరస కుర్చీలు ఇలాంటివే, అవి ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి. కింద కాళ్లు తక్కువ కాబట్టి తుడిచే మెషిన్‌కి అడ్డు ఉండదు. ఎవరూ కుర్చీని అటూఇటూ లాగరు. ఒక సీటు పాడైతే దాన్నొక్కదాన్నే విప్పి మార్చుకోవచ్చు. నిర్వహణ చూసేవాళ్లకు ఇంతకన్నా సుఖం లేదు. కూర్చునేవాళ్ల సంగతి వేరు. ఆ చివర ఒకాయన కాలూపితే ఈ చివర నా చేతిలో కాఫీ తొణుకుతుంది.

అయినా మామూలు రోజుల్లో సర్దుకుపోవచ్చు. నేను కోపం తెచ్చుకున్నది సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక ఉదయం. ఊరంతా పొగమంచు. హైదరాబాద్ నుంచి రావాల్సిన ఏటీఆర్, అంటే ఫ్యాన్ల చిన్న విమానం, పైన చక్కర్లు కొట్టి, దిగలేక వెనక్కి పోయింది. ఢిల్లీలోలాగా అంత మంచులో విమానాన్ని దింపే ఏర్పాటు ఇక్కడ లేదు, ఎండెక్కేదాకా ఆగాల్సిందే. సెక్యూరిటీ దాటి వచ్చేశాక మళ్లీ బయటికి వెళ్లడం పెద్ద తతంగం. మా ఏటీఆర్‌లో 78 సీట్లు. ఈలోగా దాని వెనక ఎయిర్‌బస్ జనం కూడా లోపలికి వచ్చేశారు, వాళ్లు ఇంకో నూట ఎనభై మంది దాకా. ఇక కుర్చీ దొరికినవాడు మహారాజు.

మాకు దొరికింది. కానీ అమ్మ కాలు మడిచి ఎక్కువసేపు కూర్చుంటే పాదం వాచిపోతుంది, ఎత్తు మీద చాపుకోమని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. నా కుర్చీ ఖాళీ చేసి ఇచ్చినా లాభం లేదు, మధ్యలో ఆ చెయ్యి. సూట్‌కేసు మీద కాలు పెట్టిస్తే చక్రాలు జారాయి. వీల్‌చెయిర్ అడుగుదామంటే, తోసుకొచ్చిన అబ్బాయి అమ్మను దింపి ఇంకొకరి కోసం తీసుకెళ్లిపోయాడు. పక్క వరసలో ఒకావిడ తన పిల్లాణ్ణి ఆ చేతుల కింద నుంచి దూర్చి పడుకోబెట్టింది. వాడు సన్నగా ఉన్నాడు కాబట్టి పట్టాడు.

మా అవస్థ చూసి, నేల తుడుస్తున్న ఆవిడ కర్ర గోడకి ఆనించి వచ్చింది. "మామ్మగారూ, కాలు చాపుకోవాలంటే అటు వెనక్కి రండి" అంది. పసిపిల్లలకు పాలిచ్చే గది పక్కన, ఎవరికీ కనపడని మూల, పాత టెర్మినల్ నాటి రెగ్జిన్ బెంచీ. అంచులు చిరిగి, టేపు అంటించి ఉంది. మధ్యలో చేతుల్లేవు! అమ్మ నిండుగా కాలు చాపుకుని, చెంగు మొహం మీద కప్పుకుని, బోర్డింగ్ పిలుపు దాకా నిద్రపోయింది. ఆ కొత్త హాలు మొత్తంలో నాకు నచ్చిన సీటు ఏదంటే అదే.

లేచేటప్పుడు మాత్రం నేను ఒకవైపు, ఆవిడ ఒకవైపు పట్టుకోవాల్సి వచ్చింది. బెంచీ బాగా కుంగిపోయి ఉంది. "అక్కడైతే ఆ చెయ్యి పట్టుకుని నేనే లేచేదాన్ని" అని అమ్మ గొణిగింది. అదీ నిజమే, పెద్దవాళ్లకు కుర్చీ చేతులే ఆసరా. అందుకే అన్నీ పీకేయమని నేననను. వరసకి రెండు చివరలా ఉంచి, కొన్ని వరసల్లో మధ్యవి తీసేస్తే చాలు. పిల్లల తల్లులు, ఆపరేషన్ అయినవాళ్లు, రాత్రంతా ఇరుక్కుపోయినవాళ్లు బతికిపోతారు.

కొత్తలో ఆ అద్దాల గోడ ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపింది నేనే. వెలుతురు ఇప్పటికీ బాగుంటుంది, పొద్దున పూట. సాయంత్రం విమానమైతే పడమటి ఎండ ముందు వరసల మీద సూటిగా పడుతుంది, మే నెలలో ఆ స్టీలు రేకు మీద కూర్చుని చూడండి. జనం స్తంభం నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంటారు. చార్జింగ్ పాయింట్లు మాత్రం ధారాళంగా ఉన్నాయి, పనిచేస్తాయి కూడా.

ఒక బ్యాగు తగిలించుకుని గంట ముందు వచ్చే కుర్రాళ్లకు ఈ టెర్మినల్ బాగానే ఉంటుంది, వాళ్లు నా మాట పట్టించుకోనక్కర్లేదు. మాలాగా కాలి నొప్పులవాళ్లతో వచ్చేవాళ్లు చలికాలంలో పొద్దుటి విమానం పెట్టుకోకండి. ఆ రెగ్జిన్ బెంచీ కోసం వెతక్కండి, తీసేశారు. ఆ మూల ఇప్పుడు ఫొటోలు దిగే పాయింట్. వచ్చే చెకప్‌కి అమ్మ రాత్రి రైలుకే పట్టుబట్టింది, కింది బెర్తు కన్ఫర్మ్ అయింది.