రోజంతా క్లయింట్ కోసం గీసేవాళ్లకి కలంకారీ కిట్: కొనొచ్చా?

లోగోలు, యాప్ స్క్రీన్లు, సినిమా పోస్టర్లు చేసేవాళ్లకి కొన్నాళ్లకి జీతమూ పెరుగుతుంది, పేరూ వస్తుంది. గీయాలన్న సరదా ఒక్కటే జారిపోతుంది. గీసిన ప్రతిదానికీ ‘ఇంకో ఆప్షన్ చూపించండి’ అంటుంటే పోక ఏమవుతుంది? ఇలాంటివాళ్లు కొనదగ్గ సరుకు శ్రీకాళహస్తి కళాకారుల దగ్గర దొరికే కలంకారీ సామాను. కరక్కాయ, గేదె పాలు పట్టించి ఎండబెట్టిన మీటరు గుడ్డ, 2 వెదురు కలాలు, నల్ల గీతలకి వాడే కసిమి సీసా, పటిక, ఎరుపునిచ్చే మంజిష్ఠ పొడి. ధర ఇంటికో తీరు.

మజా అంతా కలంలో ఉంది. చెక్కిన మొనకి కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఆ ఉండ కసిమిని పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కితే మొనకి దిగుతుంది. స్టైలస్ అలవాటైన చెయ్యి మొనని ఒత్తుతుంది, ఇక్కడ ఒత్తాల్సింది ఉండని. మొదటి గంటంతా మరకలే. ముంచగానే సీసా అంచుకి ఒకసారి అద్ది, పాత గుడ్డ మీద రెండు గీతలు లాగాకే అసలు గుడ్డ ముట్టుకోండి.

కసిమి అంటే తుప్పు ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో 2, 3 వారాలు పులియబెట్టి వడకట్టిన ద్రవం. గీసినప్పుడు వెలిసిపోయినట్టుంటుంది, గుడ్డలోని కరక్కాయ వగరు తగిలాక ఇనుము నల్లబడుతుంది. ఆగలేక పైన మళ్లీ దిద్దితే గీత లావెక్కి చెడుతుంది. కంట్రోల్ జెడ్ లేదు. గీత అంచులు పాకితే మాత్రం ప్రతిసారీ చేతిని తిట్టుకోకండి, గుడ్డకి పాల కొవ్వు సరిగా పట్టకపోయినా అంతే. కొనేముందే ఒక మూల చుక్క పెట్టించి చూసుకోవాలి. పాల వాసన ఉతుకుల్లో పోతుంది గానీ, అందాకా ఏసీ గదిలో పెట్టకండి.

ఎరుపు దగ్గరే కిట్‌లోని సూచనల కాగితం చాలదు. పటిక నీళ్లు పూసిన చోటే మంజిష్ఠ ఎరుపు పట్టుకుంటుంది. ఆ నీళ్లకి రంగుండదు, పూసిన చోటు తెలియాలంటే చిటికెడు మంజిష్ఠ కలుపుకోవాలి. కనీసం ఒక రోజు ఆరాలి. తర్వాత పారే నీళ్లలోనే జాడించాలి. బకెట్లో ముంచారా, ఊడిన పటిక ఖాళీ చోట్లకి అంటుకుని, మంజిష్ఠలో ఉడికాక అక్కడంతా ఎర్ర మచ్చలు. కాళహస్తిలో స్వర్ణముఖి ఉంది. ఫ్లాట్‌లో షవర్ కింద గుడ్డ పరిచి పట్టుకోవాల్సిందే. ఉడకబెట్టడానికి స్టీలు గిన్నె, సన్నమంట. ఇనప మూకుడైతే ఎరుపు మాసిపోతుంది.

పెద్ద ఫిర్యాదు ఒకటుంది. కొన్ని కిట్లలో కృష్ణుడి బొమ్మ ముందే గీసి ఇస్తారు. పిల్లలకి బాగానే ఉంటుంది, డిజైనర్‌కి మాత్రం అది ఆదివారం కూడా ఇంకొకరి బ్రీఫ్ నింపడమే. ఖాళీ గుడ్డ అడగండి. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో మీకు తోచింది గీసుకోండి, నచ్చకపోతే దులిపేయొచ్చు. ఇంకో మాట, ఫోటో ఎక్కడా పెట్టకండి. ‘నాకొకటి చేసిస్తారా, ఎంత?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, ఇక దీనికీ డెడ్‌లైన్ పడుతుంది.

రెండోసారి కిట్ అక్కర్లేదు. పాలు పట్టించిన గుడ్డ మీటర్ల లెక్కన, కసిమి సీసా విడిగా అడిగి చూడండి. కలం ఇంట్లోనే చుట్టుకోవచ్చు, పాత స్వెటర్ ముక్క చాలు.